అతిథి కూత

పోయిన వారం బీపీఎడ్‌లో, అంటే ఆటల టీచర్ల కోర్సులో, కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఛాయ్ తాగి, కాసేపు నా గోడమీద ఫొటోలు చూసి, వాళ్లలో ఒకడు అడిగాడు: "సార్, గీ లైన్ల అసలు ఏం నేర్సుకోవాలె?" నేను ఫిట్‌నెస్ గురించి, చదవాల్సిన పుస్తకాల గురించి ఏదో చెప్పి పంపించాను. వాళ్లు గేటు దాటాక నా జవాబు నాకే రోత పుట్టించింది. ముప్పై ఏళ్లకు పైగా గ్రౌండు మట్టి తిన్నవాడు చెప్పాల్సిన జవాబు అది కాదు. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎన్ని కప్పులు తెచ్చాను అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నా భార్యకు కూడా గుర్తులేవు. నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని నాకు చూపించిన ఒక అమ్మాయి గురించి రాస్తాను. మీకు పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

సున్నం, తాడు

నా మొదటి ఉద్యోగం మహబూబాబాద్‌లో, ఒక కాలేజీలో పీడీకి సహాయకుడిగా. ఫిజికల్ డైరెక్టర్‌ను మా వైపు అందరూ పీడీ సార్ అనే అంటారు. అక్కడి పీడీని మేం పెద్దసార్ అనేవాళ్లం. బక్కపలుచని మనిషి, మెడలో ఎప్పుడూ విజిల్ ఉండేది. చేరిన మొదటిరోజే నా చేతికి సున్నం బకెట్ ఇచ్చి కబడ్డీ కోర్టు గీయమన్నాడు. నేను కంటితో అంచనా వేసి గీశాను. ఆయన వచ్చి ఒక మూల దగ్గర గొంతుక్కూర్చొని చూశాడు.

"మూల తప్పింది. చెరిపి మల్ల గియ్యి."

"జర్రంత తేడాకు ఏమైతది సార్?"

"నీకేం కాదు. గా మూల కాడ ఔటైనోనికి అయితది."

అప్పుడు తాడు తెచ్చి చూపించాడు. మూడు మూరలు ఒకవైపు, నాలుగు మూరలు ఇంకోవైపు, ఆ రెండు చివరలనూ కలిపే తాడు సరిగ్గా ఐదు మూరలు రావాలి. అలా వస్తే మూల నిక్కచ్చిగా ఉన్నట్టు. ఆ తర్వాత నేను ఎన్ని వందల కోర్టులు గీశానో లెక్క లేదు, ఆ తాడు మాత్రం ఎప్పుడూ వదల్లేదు. మీరూ వదలకండి. ఇప్పుడు లేజర్లు, సింథటిక్ మ్యాట్లు వచ్చాయంటారు, రానివ్వండి. రేపు మీకు ఉద్యోగం వచ్చే బడిలో అవి ఉండవు.

పెద్దసార్ నాకు ఇంకొకటి కూడా నేర్పాడు. టోర్నమెంటు మొదలుపెట్టేటప్పుడు ముఖ్య అతిథి చేత కూత పెట్టించడం మా వైపు ఆనవాయితీ. ఆయన కబడ్డీ, కబడ్డీ అంటూ అవతలి కోర్టులోకి నాలుగడుగులు వేస్తాడు, ఎవరో ఒకరిని ముట్టుకుంటాడు, వెనక్కి వస్తాడు, జనం చప్పట్లు కొడతారు. దీనికి ముందు పెద్దసార్ ఆటగాళ్లను వరసగా నిలబెట్టి గట్టిగా చెప్పేవాడు: "పెద్దమనిషి అస్తడు. ఎవడన్న పట్టిండో, కాళ్లు ఇరగ్గొడ్త. జరుగున్రి, ముట్టనియ్యిన్రి, పోనియ్యిన్రి." దీన్ని మేం అతిథి కూత అనేవాళ్లం. అందులో దమ్ము ఆగినా ఆగినట్టు కాదు, గీత తొక్కినా తొక్కినట్టు కాదు. ఒక మూల జర్రంత తప్పితే చెరిపించిన మనిషే ఇది కూడా నేర్పాడు. రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయని నేను ఆ రోజుల్లో అడగలేదు. తర్వాత నా బుర్రలోనూ అవి అలాగే ఇమిడిపోయాయి.

నవ్వినవాళ్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో కోస్తా వైపు ఒక కోచింగ్ క్యాంపుకు వెళ్లాను. నెల రోజులు. అక్కడ రోజుకొకరు మిగతావాళ్లకు డ్రిల్ చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు "గిట్ల నిలబడున్రి, చేతులు గట్ల సాపున్రి" అన్నాను. వరసంతా పగలబడి నవ్వింది. క్యాంపు పెట్టిన కోచ్ కూడా నవ్వి, "సినిమా కామెడీ చూపిస్తున్నావేంటయ్యా?" అన్నాడు. మిగతా రోజులన్నీ నన్ను చూడగానే ఎవరో ఒకరు "గిట్ల" అనేవారు. నేను వాళ్లతోపాటే నవ్వి ఊరుకునేవాడిని, లోపల మాత్రం మండిపోయేది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నన్ను ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. అందరికంటే ముందే దీక్ష టెంటు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మన మాట మనకు, మన నిర్ణయం మనకు అని మైకులో నేనూ అరిచాను. ఆ మాటలు అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా తప్పు వేరే చోట ఉంది.

కమిలి

అప్పటికి నేను జనగామలో ఒక ప్రైవేటు బీపీఎడ్ కాలేజీలో లెక్చరర్‌ని. కోచింగ్, అంపైరింగ్, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్, ఈ మూడూ నావే. కాలేజీ నడిపేది పట్టణంలోని ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. అందరూ ఆయన్ని సేటు అనేవారు. కాలేజీకి నెలకొకసారి వచ్చేవాడు. రోజూ మా నెత్తిన కూర్చునేది ప్రిన్సిపాల్. సేటుకు ఏది ఇష్టమో, ఏది కాదో ఆయన చెప్పకముందే తనకు తెలుసని ప్రిన్సిపాల్‌కు గట్టి నమ్మకం.

ఆ ఏడు చేరినవాళ్లలో కమిలి అనే అమ్మాయి ఉంది. దంతాలపల్లి దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, అమ్మానాన్నలు ఏటా పత్తి ఏరడానికి ఎక్కడెక్కడికో వలస వెళ్తారు. ఆటలో ఆమె మరీ గొప్పది కాదు, ఉన్నమాట చెప్పాలి. కానీ ఆమె కన్ను వేరు. పదిమంది కలబడి కిందపడినా ఎవరి కాలు ముందు గీత తాకిందో చెప్పేది. చెప్పాక మార్చేది కాదు. అంపైరింగ్ నేర్పడానికి నేను ఏళ్లు తంటాలు పడ్డాను. ఈ పిల్లకు నేర్పాల్సింది చేతి సైగలు మాత్రమే.

నాకు ఆమె మీద ఒక చిన్న కోపం కూడా ఉండేది. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ పరీక్షలో "టోర్నమెంటు ఎలా నిర్వహిస్తారు?" అని అడిగితే అందరూ నేను చెప్పిన వరసలోనే రాశారు: ఆహ్వాన సంఘం, ముఖ్య అతిథి, వేదిక, దండలు, కుర్చీలు. కమిలి మొదటి వాక్యమే ఇలా రాసింది: గ్రౌండు, తాగే నీళ్లు, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే చోటు. ముఖ్య అతిథి చివర్న, "వీలైతే" అని. నేను మార్కులు కోసి, పిలిచి అడిగాను.

"అతిథి లేకుంట టోర్నమెంటు అయితదా?"

"నీళ్లు లేకుంట కాదు సార్," అంది. పొగరుగా అనలేదు. నేను అడిగాను, ఆమె చెప్పింది, అంతే.

రోడ్డు మీద కోర్టు

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. వంటలు రోడ్డు మీదే, పాటలు రోడ్డు మీదే, ఆటలూ అక్కడే. జనగామలో హైవే మీద కబడ్డీ ఆడించే పని మా కాలేజీకి వచ్చింది. తారు మీద పడితే మోకాళ్లు చీరుకుపోతాయని రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయించాం. నా పాత తాడుతోనే కోర్టు గీయించాను. మేకులు దిగే చోటు కాదు కాబట్టి తాడు చివరలను పిల్లలు పాదాలతో తొక్కిపట్టుకుని నిలబడ్డారు. మూలలు నిక్కచ్చిగా వచ్చాయి. గర్వంగా చూసుకున్నాను.

ఒకవైపు మా విద్యార్థులు, ఇంకోవైపు లెక్చరర్లూ వకీళ్లూ కలిసిన జట్టు. నేను రెఫరీ. క్లాసులు ఎలాగూ లేవు కాబట్టి ఆ రోజు ఆటనే పిల్లలకు అంపైరింగ్ ఇంటర్నల్ పరీక్షగా పెట్టాను. వంతు కమిలిది. కాలేజీ విజిల్ ఆమె మెడలో వేశాను.

ముఖ్య అతిథి సేటు. ఆ రోజు రోడ్డు మీద వంటకు బియ్యం ఆయనవే. వయసు అరవై దాటింది, పొట్ట ఉంది, అయినా మనిషిలో ఉత్సాహం ఉంది. ధోవతి ఎగగట్టి, కళ్లద్దాలు తీసి పక్కవాడికిచ్చి, మధ్యగీత దగ్గర మట్టిని తాకి కళ్లకద్దుకున్నాడు. నేను ముందే ఆటగాళ్లకు పెద్దసార్ పాఠం అప్పజెప్పాను: జరుగున్రి, ముట్టనియ్యిన్రి, పోనియ్యిన్రి. అంపైర్‌కు మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని నాకు తట్టలేదు.

సేటు కూత మొదలుపెట్టాడు. రెండడుగులు బాగానే పడ్డాయి. మూడో అడుగుకు దగ్గు వచ్చింది, కూత తెగింది, ఆయన ఆగి గుక్క తిప్పుకుని మళ్లీ కబడ్డీ అన్నాడు. విజిల్ మోగింది. కమిలి చెయ్యెత్తి నిలబడి ఉంది.

"కూత తెగింది. ఔట్."

నేను ఆలోచించలేదు. ఆలోచించి చేసి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో. నా విజిల్ మూడుసార్లు ఊది, చేతులు ఊపి, "కూత నడుస్తున్నది! సేటు గారు ముట్టిన్రు. ఒక పాయింట్!" అని అరిచాను. అప్పటికి ఎవరినీ ముట్టని సేటు అయోమయంగా చూసి, దగ్గరున్న కుర్రాడి భుజం తాకి వెనక్కి వచ్చాడు. చప్పట్లు మోగాయి.

కమిలి చెయ్యి ఇంకా పైనే ఉంది. నా దగ్గరికి నడిచి వచ్చింది.

"సార్, దమ్ము ఆగింది. అందరు చూసిన్రు. అంపైర్ చెప్తే అదే ఫైనల్ అని మీరే చెప్పిన్రు."

"నోరు మూస్కోని నీ జాగల నిలబడు."

ఆమె నిలబడలేదు. మెడలోంచి విజిల్ తీసి నా చేతిలో పెట్టింది. టెంటు వైపు, జెండాల వైపు ఒకసారి చూసింది.

"తెలంగాణ అచ్చినంక గూడ గిట్లనే ఉంటదా సార్?"

అని వెళ్లిపోయింది. నేను ఆ విజిల్‌ను ఇంకొకరికి ఇచ్చి ఆట నడిపించాను. సాయంత్రం దాకా నినాదాలు ఇచ్చాను. గొంతు పోయింది.

పెన్సిల్ మార్కులు

మరునాడు ప్రిన్సిపాల్ పిలిచాడు. మా కాలేజీలో ఇంటర్నల్ మార్కులు ముందు పెన్సిల్‌తో వేసేవాళ్లం, ప్రిన్సిపాల్ చూశాక సిరాతో దిద్దేవాళ్లం. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో మాత్రం ఆ రోజు అర్థమైంది.

"సేటుకు మంది ముందట ఇజ్జత్ పోయింది. గా పిల్లకు అంపైరింగుల ఎన్ని ఏస్తున్నవ్?"

"ఇంకా ఎయ్యలే సార్."

"ఇరవై ఐదుకు తొమ్మిది ఎయ్యి. ఆట మధ్యల ఇడిసిపెట్టి పోయిందని రాయి. అబద్ధం గూడ కాదు."

తొమ్మిది అంటే ఫెయిల్. అంపైరింగ్ ఇంటర్నల్ పోతే ఆ ఏడు ప్రాక్టికల్స్ పోతాయి, ప్రాక్టికల్స్ పోతే కోర్సు పోతుంది. పీఈటీ పోస్టుకు దరఖాస్తు కూడా పెట్టుకోవడానికి వీలుండదు. నాకు అదంతా తెలుసు. తెలిసే, పెన్సిల్ తీసుకుని తొమ్మిది వేశాను. పెన్సిలే కదా, తర్వాత చూసుకుందాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. యువకులారా, మీ ఉద్యోగంలో ఎవరో మిమ్మల్ని బెదిరించి తప్పు చేయిస్తారని భయపడకండి. అలా జరగదు. కుర్చీ వేసి, ఛాయ్ పోసి, అబద్ధం కూడా కాని ఒక మాట మీ చేతికి ఇస్తారు.

కమిలి గ్రౌండుకు రావడం మానేసింది. నాలుగు రోజులు గడిచాయి. తండాకు వెళ్లిపోయిందని తోటి అమ్మాయిలు చెప్పారు.

సేటు కొట్టు

ఐదో రోజు సేటును చూడటానికి కొట్టుకు వెళ్లాను. నిజం చెప్పాలంటే, జరిగినదానికి క్షమాపణ చెప్పి మంచి అనిపించుకుందామని వెళ్లాను. సమ్మె కాబట్టి షట్టర్ సగానికి దించి ఉంది. లోపల చింతపండు బస్తాల మధ్య ఒక్కడే కూర్చున్నాడు.

"సేటు గారూ, మొన్న గా పిల్ల తెలివి లేక..."

ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"పీడీ సారూ, నాకు దమ్ము ఆగిందని నాకు ఎరుక లేదా? దగ్గింది నేనే గదా. చిన్నప్పుడు గీ బజార్ల నేను చెడుగుడు ఆడినోన్నే. ఔటంటే ఔట్, పోయి కూసుంటుంటిని, నలుగురు నవ్వుతుండిరి, అయిపోతుండె. నువ్వేం జేసినవ్? తెగిన కూతను మల్ల నడిపిచ్చి పాయింట్ ఇచ్చినవ్. మందంత చూసిన్రు, సేటుకు బియ్యం ఇచ్చినందుకు పాయింట్ ఇచ్చిన్రని. గిప్పుడు బజార్ల పోతే పోరగాండ్లు నన్ను చూసి దగ్గుతున్రు. ఇజ్జత్ తీసింది గా పిల్ల కాదు, నువ్వు."

ఆయన కాస్త ముందుకు జరిగి అడిగాడు.

"ఏమన్న జేసినవా గా పిల్లను?"

పెన్సిల్‌తో వేసిన తొమ్మిది గురించి చెప్పాను. సేటు లేచి నిలబడ్డాడు.

"నన్ను అడిగి ఏసినవా? నేను చెప్పిన్నా?"

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆయనకు కోపం వస్తుందని ప్రిన్సిపాల్ అనుకున్నాడు, ప్రిన్సిపాల్‌కు కోపం వస్తుందని నేను అనుకున్నాను, మా ఇద్దరి అనుకోవడాల కింద ఒక అమ్మాయి ఏడాది చదువు నలిగిపోతోంది. క్యాంపులో నన్ను చూసి నవ్వినవాళ్లను ఇరవై ఏళ్లు తిట్టుకున్నాను. వాళ్లు నాకు చేసినదానికంటే నేను కమిలికి చేసింది ఎక్కువ.

తండా

బస్సులు లేవు. స్కూటర్ మీద బయల్దేరాను. దారిలో రెండుచోట్ల చెట్లు నరికి అడ్డంగా పడేశారు. ఎక్కడికని అడిగితే చెప్పి, స్కూటర్‌ను పొలంలో నుంచి నెట్టుకుంటూ దాటాను. దంతాలపల్లి దాటి తండా చేరేసరికి మధ్యాహ్నం మూడు. కమిలి ఇంటి ముందు మొక్కజొన్న కంకులు వలుస్తోంది. పక్కన వాళ్లమ్మ. బట్టల మూటలు రెండు గుమ్మం దగ్గర కట్టి ఉన్నాయి.

"ఎక్కడికి అవ్వా?" అని అడిగాను.

"పత్తికి పోతున్నం సారూ. బిడ్డ గూడ అస్తనంటున్నది. సదువు సాలట," అంది తల్లి.

నేను కమిలి ఎదురుగా కింద కూర్చున్నాను. "తప్పు నాది బిడ్డా. దమ్ము ఆగింది. నువ్వు చెప్పిందే సరి. తిరిగి రా," అన్నాను.

ఆమె చేతిలో కంకి వలవడం ఆపలేదు.

"గిది ఈడ చెప్తే ఎవలకు ఎరుక సార్? నోరు మూస్కో అన్నది అందరి ముందట. గదే జాగల అందరి ముందట చెప్తరా?"

"చెప్త."

"ప్రిన్సిపాల్ సార్ ఏమంటడో?"

"ఏమన్న అననియ్యి."

ఆ మాట అన్నాక నాకే ఆశ్చర్యమైంది. అంత తేలికైన మాటను ఆ రోజు ఎందుకు అనలేకపోయానని వెనక్కి వచ్చేదారి పొడుగునా అనుకున్నాను. తల్లి నాకు సొరకాయ బుర్రలోంచి నీళ్లు పోసింది. మూటలు రెండింటిలో ఒకటి విప్పి లోపల పెట్టింది.

మూడో రోజున అదే రోడ్డు మీద, అదే ఎర్రమట్టిలో మళ్లీ ఆట. జనం అంతకంటే ఎక్కువ. కమిలి కూడా వచ్చి గీత పక్కన నిలబడింది. మొదలుపెట్టే ముందు మైకు తీసుకున్నాను.

"పోయిన ఆటల సేటు గారి కూత తెగింది. అంపైర్ కమిలి ఔట్ ఇచ్చింది. అది కరెక్టు. నేను రూల్ తప్పి మార్చిన. గా పిల్లను మంది ముందట కసిరిన. తప్పయింది. గా పాయింట్ తీసేస్తున్న."

ప్రిన్సిపాల్ ముఖం నల్లబడింది. జనం ఎటు చూడాలో తెలియక సేటు వైపు చూశారు. సేటు లేచాడు. ధోవతి సర్దుకుని, ఎవరితో ఏమీ అనకుండా కోర్టు పక్కకు నడిచి, ఔటైన ఆటగాళ్లు కూర్చునే చోట చతికిలపడ్డాడు. "ఔట్!" అని తనే చెయ్యెత్తాడు. ఆ రోజు లేచిన ఈలలు, కేకలు నేను ఏ ఫైనల్స్‌లోనూ వినలేదు. కమిలి నా చేతిలోంచి విజిల్ తీసుకుని మెడలో వేసుకుంది. నవ్వలేదు. ఆటలో అంపైర్ నవ్వకూడదని నేర్పింది నేనే.

ఆమెకు ఇరవై ఐదుకు ఇరవై రెండు వేశాను. పెన్సిల్‌తో కాదు, నేరుగా సిరాతో. కోసిన మూడు మార్కులు ఆట మధ్యలో వదిలి వెళ్లినందుకు. ఎవరేమన్నా అంపైర్ గ్రౌండు వదలకూడదు. ఆ మాట ఆమెకు చెప్పాను, ఒప్పుకుంది. ఆ ఏడాది చివర్న కాలేజీకి నా అవసరం లేదని ప్రిన్సిపాల్ చెప్పాడు. సేటును పోయి అడగమని చాలామంది అన్నారు. నేను అడగలేదు, ఈసారి ఎవరి పేరూ అడ్డం పెట్టుకోదలచుకోలేదు. భూపాలపల్లిలో ఇంకో కాలేజీలో చేరి, మిగిలిన సర్వీసంతా అక్కడే చేశాను. చెల్పూర్ పవర్ ప్లాంటు పొగ గొట్టాలు కనపడే గ్రౌండు. ఎండాకాలం నరకమే, పిల్లలు మాత్రం బంగారం.

అక్కడ చేరిన మొదటి రోజు క్లాసులోనే అతిథి కూత ఉండదని చెప్పాను. కొబ్బరికాయ కొట్టించండి, జెండా ఎగరేయించండి, మాట్లాడించండి. గీతల లోపలికి అడుగు పెడితే మాత్రం ఎవరైనా ఆటగాడే. దీనివల్ల నాకు మాటలు పడ్డాయి, ఒకసారి టోర్నమెంటే రద్దయింది. మళ్లీ పెట్టాం.

రేగొండ

రాష్ట్రం వచ్చింది. నేను రిటైరయ్యాను. ఒకరోజు రేగొండ నుంచి ఫోన్ వచ్చింది, ఆడపిల్లల కబడ్డీ టోర్నమెంటు, ముఖ్య అతిథిగా రావాలని. పిలిచింది అక్కడి గురుకులంలో పీఈటీ. కమిలి.

వెళ్లాను. ముందు గ్రౌండు చూశాను. మూలలు నిక్కచ్చిగా ఉన్నాయి. నీళ్ల డ్రమ్ములు నీడలో ఉన్నాయి. పిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది, గది తలుపుకు లోపల గడియ. దండలు లేవు, కుర్చీలు ఐదు. కాసేపటికి ఊరి పెద్ద ఒకాయన, "సార్ చేత కూత పెట్టిద్దాం," అన్నాడు. కమిలి నా దగ్గరికి వచ్చింది. మెడలో విజిల్ ఉంది. నేనిచ్చింది కాదు, అది ఎప్పుడో పగిలిపోయిందట.

"సార్, మా తాన అతిథి కూత లేదు. పోతే నిజం కూతకే పోవాలె. పోతరా, కూసుంటరా?"

చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, ఒక జట్టు తరఫున గీత దగ్గర మట్టి తాకాను. అవతల ఏడుగురు పిల్లలు చేతులు పట్టుకుని, వంగి, నా కాళ్ల వంకే చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరూ జరగలేదు. కబడ్డీ, కబడ్డీ అంటూ లోపలికి వెళ్లాను. నాలుగో అడుగుకు ఊపిరి చాలలేదు. చిన్న గుక్క తీసుకున్నాను, అంత చిన్నది ఎవరికీ వినపడదనుకున్నాను. చివర నిలబడ్డ పిల్ల చెయ్యి తాకి, ఒక్క ఉదుటున తిరిగి గీత దాటాను. జనం చప్పట్లు కొట్టారు. నిజం చెప్తున్నాను, ఛాతీ ఉప్పొంగింది.

విజిల్ మోగింది.

"కూత తెగింది. ఔట్."

"తెగలే బిడ్డా," అనేశాను. ఇన్నేళ్ల బుద్ధి ఎక్కడికి పోయిందో, మాట దానంతటదే వచ్చేసింది.

కమిలి చెయ్యి దించలేదు. "తెగింది సార్," అంది.

తెగింది. వెళ్లి ఔటైనవాళ్ల చోట కూర్చున్నాను. ఇంకా ఎవరూ ఔట్ కాలేదు కాబట్టి అక్కడ నేనొక్కడినే. కాసేపటికి నా జట్టులోని పదమూడేళ్ల పిల్ల ఒకతి మోకాలి మట్టి దులుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నా ముఖం చూసి జాలిపడినట్టుంది.

"ఏం కాదు తాతా," అంది, "మనోళ్లు పాయింట్ తెస్తే మల్ల లేస్తం."

ముందు ఔటైన వాళ్లే ముందు లేవాలి, అది రూలు. కమిలి దాన్ని తప్పనివ్వదు. నేను ప్యాంటు ఇంకో మడత పైకి మడుచుకుని కూర్చున్నాను.